తీస్తా లోయ రైలు చరిత్ర రాస్తున్న నీకు

చి॥ కిరణ్‌కి,

ఆశీస్సులు. నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడిచింది. కాని మొదటి పేజీలోనే ‘మంచు దుప్పటి కప్పుకున్న పట్టాలు’ అన్నావు, మూడో పేజీలో బతాసియా లూప్‌ని (పట్టాలు గుండ్రంగా తిరిగే చుట్టు) తెచ్చి ఈ లైన్లో కలిపావు. రెండూ తీసెయ్యి. బతాసియా ఉన్నది డార్జిలింగ్ రైల్వే మెయిన్ లైన్ మీద, ఘూమ్‌కీ డార్జిలింగ్‌కీ మధ్య. నువ్వు రాస్తున్నది అదే రైల్వేలో 1915లో మొదలైన శాఖ గురించి. ఉత్తర బెంగాల్‌లోని సిలిగురి నుంచి సెవోక్ మీదుగా తీస్తా నది ఒడ్డు పట్టుకుని గియెల్లె ఖోలా దాకా పోయింది. ఆ చివరి స్టేషన్‌కి కాలింపాంగ్ రోడ్ అని పేరేగాని, ఊరు వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున కొండ మీద ఉంది. రైలు ఏనాడూ అక్కడికి ఎక్కలేదు. కింద లోయలో మంచెక్కడిది? అడవి, ఉక్కపోత, దోమలు.

ఇది తేలితే మిగతా వ్యాసం దారిలో పడుతుంది. 1881లో డార్జిలింగ్ చేరిన మెయిన్ లైన్‌కి కష్టమంతా ఎక్కడంలో ఉంది. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) రెండింటికీ ఒకటే, రెండడుగులు. కాని ఈ శాఖకి ఎక్కడం పెద్ద బాధ కాదు, దీని బాధ పక్కనే పారే నది. కాబట్టి లూపులు, జిగ్‌జాగులు వదిలేసి కల్వర్టులు, రాతి గోడలు, విరిగిపడే కొండచరియల గురించి రాయి.

లైన్ ఎవరి కోసం వేశారన్నది నీ వ్యాసంలో ఒక్క వాక్యమే. అసలు సరుకు అక్కడే ఉంది. టిబెట్ ఉన్ని జెలెప్ లా కనుమ దాటి కంచరగాడిదల మీద కాలింపాంగ్ దిగేది. ఈ లైన్ మీది రియాంగ్ నుంచి కాలింపాంగ్‌కి రోప్‌వే ఉండేది. పక్క కొండ మీద మంగ్‌పూలో క్వినైన్ కోసం సింకోనా తోటలు. ప్రయాణికుల కంటే ముందు ఈ సరుకుల లెక్క పట్టుకో. రైల్వే వార్షిక నివేదికల్లో సరుకు టన్నులు, ఆదాయం వేర్వేరు గళ్ళలో ఉంటాయి. శాఖ లెక్క విడిగా ఇచ్చారా, మెయిన్ లైన్‌తో కలిపేశారా అన్నది ముందు చూసుకో. కలిపేసిన అంకెను శాఖకి అంటగడితే వ్యాసం మొత్తం కూలుతుంది.

ఇక తేదీలు. లైన్‌కి పుట్టిన తేదీ ఒకటీ పోయిన తేదీ ఒకటీ వేసి ఊరుకుంటే కుదరదు. సరుకు బండి మొదలైన రోజు, ప్రయాణికుల బండి మొదలైన రోజు, చివరి బండి, మూసేసినట్టు కాగితం మీద ఉత్తర్వు, పట్టాలు ఊడదీసిన ఏడాది... ఈ అయిదింటికీ అయిదు గళ్ళు గీసి, ఒక్కో గడి పక్కన ఆ తేదీ ఎక్కడ దొరికిందో రాసుకో. 1890 రైల్వే చట్టం ప్రకారం ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ చూసి సరే అన్నాకే ప్రయాణికులను ఎక్కించాల్సి ఉండేది. అందుకే మొదటి రెండు తేదీలు చాలా లైన్లలో కలవవు. టైమ్ టేబుల్‌లో బండి ఉందని అది నడిచిందనీ అనుకోకు. వర్షాకాలంలో సంగతి పత్రికల్లో వెతుక్కోవాలి.

‘1950 వరద లైన్‌ని చంపేసింది’ అన్నావు. వరద తెంచింది, అంతవరకే నిజం. తెగిన లైన్‌ని మళ్ళీ కట్టాలా వద్దా అన్నది మనుషులు తీసుకున్న నిర్ణయం. నీ కథ అక్కడ మొదలవ్వాలి. అప్పటికి లోయలో రోడ్డు ఉంది. సెవోక్ దగ్గర కారొనేషన్ బ్రిడ్జి 1941లోనే పూర్తయింది. 1947లో దేశ విభజనతో కలకత్తా నుంచి సిలిగురికి నేరుగా వచ్చే బ్రాడ్ గేజ్ దారిలో చాలా భాగం తూర్పు పాకిస్తాన్‌లో పడింది. 1948లో డార్జిలింగ్ రైల్వే ప్రభుత్వం చేతికొచ్చింది. 1950 జనవరిలో అస్సాంని మిగతా దేశంతో కలిపే అస్సాం రైల్ లింక్ తెరిచారు, దానికోసం కిషన్‌గంజ్ వైపు రెండడుగుల లైన్‌ని మీటర్ గేజ్‌గా మార్చారు. ఆ నేపథ్యంలో కొన్ని మైళ్ళ చిన్న లైన్ ఎవరికి పట్టింది? ఇందులో ఏ కారణం ఎంత బరువన్నది ఫైలు చూపిస్తేనే రాయి. లేకపోతే వరసగా చెప్పి ఊరుకో, పాఠకుడు కలుపుకుంటాడు.

లోయకి వెళ్తే ఇంకో ప్రమాదం ఉంది. రైలు కట్ట కనిపించని ప్రతిచోటా 1950ని తిట్టబోతావు. 1968 వరదలో తీస్తా మీది ఆండర్సన్ బ్రిడ్జి కొట్టుకుపోయింది. కాలీఝోరా దగ్గరా, 27వ మైలు దగ్గరా జలవిద్యుత్ ఆనకట్టలు కట్టి నీళ్ళు నిలిపారు. 2023 అక్టోబర్‌లో పైన సిక్కింలో దక్షిణ లొనాక్ సరస్సు తెగి మళ్ళీ వరదొచ్చింది. కాబట్టి ముందు 1950కి పూర్వపు ఇంచ్-మైలు పటం (మైలుకి ఒక ఇంచ్ చొప్పున గీసినది) తీసుకుని, దాని పక్కన ఇప్పటి పటం పెట్టుకో. ఇంచ్-మైలు పటంలో ఒక్క మిల్లీమీటరు తప్పితే నేల మీద 63 మీటర్లు తప్పినట్టే. దాంతో దూరాలు కొలవకు, మైలురాళ్ళ లెక్కే నమ్ము.

లైన్ వంపు కొలవడానికి పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌వాళ్ళ చిట్కా ఒకటుంది. 11.8 మీటర్ల తాడు రెండు కొసలూ వంపుకి ఆనించి బిగించి, సరిగ్గా మధ్యలో తాడుకీ వంపుకీ ఉన్న సందు కొలువు. ఎన్ని సెంటీమీటర్లొస్తే వంపు అన్ని డిగ్రీలు. డిగ్రీలు పెరిగేకొద్దీ మలుపు బిగువు. 1750ని ఆ డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్థం మీటర్లలో వస్తుంది. 40 డిగ్రీలంటే సుమారు 44 మీటర్లు. పట్టాలు లేవు గనక గోడ మీద కొలుస్తావు. ఆ గోడ పట్టాల మధ్య గీతకి బయటివైపు 2 మీటర్ల దూరంలో ఉంటే 40 రావలసినచోట 38 వస్తుంది. గోడ ఎటువైపుందో, ఎంత దూరమో రాసుకోకపోతే ఆ అంకె పనికిరాదు. నడుస్తున్న లైన్ మీద మాత్రం ఈ పని చెయ్యకు, అది నేరం, పైగా ప్రాణం మీదికొస్తుంది.

పాత పట్టా ముక్క దొరికితే దాని నడుముపట్టీ (తలకీ అడుగుకీ మధ్య నిలువు భాగం) మీద ఉబ్బెత్తు అక్షరాలు చూడు. తయారుచేసిన కంపెనీ, బరువు, ఏడాది ఉంటాయి. ఆ ఏడాది పట్టా తయారుచేసినది, లైన్ వేసినది కాదు. ఊడదీసిన పట్టాలు కంచె స్తంభాలుగా, కప్పు దూలాలుగా ఎక్కడెక్కడికో పోతాయి.

పెద్దవాళ్ళని తేదీ అడగకు. మన కోస్తాలో ‘దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా’ అని అడిగినట్టు అక్కడ ‘68 వరదకు ముందా’ అని అడుగు. రెండు వరదలు జ్ఞాపకంలో కలిసిపోవడం సులువు. బండి నీళ్ళెక్కడ పట్టేది, మూటలు ఎవరు మోసేవారు, కూలి ఎంత అన్నవి అడిగితే బాగా చెబుతారు.

అంత దూరం వెళ్ళేముందు నల్లమలలో చెయ్యి తిప్పుకో. నంద్యాల, గిద్దలూరు మధ్య దొరబావి వంతెన మీటర్ గేజ్ కాలానిది, బ్రాడ్ గేజ్ వేరే దారిన వేశాక వదిలేశారు. మీటర్ గేజ్‌లో 16 డిగ్రీల వంపు దాకా ఒప్పుకుంటారు, బ్రాడ్ గేజ్‌లో 10 దాటకూడదు. కొండల్లో గేజ్ మార్చినప్పుడు పాత దారి ఎందుకు పనికిరాకుండా పోతుందో ఆ రెండంకెలు చూస్తే తెలుస్తుంది. అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్ళు.

ఇప్పుడు సెవోక్ నుంచి రంగ్‌పోకి కడుతున్న కొత్త లైన్‌కి ఒక్క పేరా చాలు. సుమారు 45 కిలోమీటర్లు, 14 సొరంగాలు, దారిలో ఎక్కువభాగం కొండ లోపలే. పాతది ఒడ్డున ఎందుకు నిలవలేదో చెప్పే చోటే దాన్ని పెట్టు, చివర్లో వద్దు. మిగిలిన జాగా ఉన్నికివ్వు, రెండు పేజీలైనా సరే.

ఉంటాను.