రిపోర్టులో ‘అన్యూప్లాయిడ్’ అని ఉంటే ఆయుష్షు తక్కువనా?

ఆదోని నుంచి అడిగిన తమ్ముడూ, మీ మేనమామ తొడలో గడ్డకు కర్నూలు పెద్దాసుపత్రిలో బయాప్సీ చేస్తే సార్కోమా (కండరం, కొవ్వు లాంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) అని తేలింది, ఇంకో ల్యాబ్ రిపోర్టులో అన్యూప్లాయిడ్ అని రాశారు, దాన్ని బట్టి ఎన్నాళ్లు ఉంటారో చెప్పొచ్చా అన్నావు. ఆ ఒక్కదానితో చెప్పలేం.

మామూలు కణంలో 46 క్రోమోజోములు, వాటికి తగ్గ డీఎన్‌ఏ ఉంటాయి. కణాలకు మెరిసే రంగు పట్టించి ఫ్లో సైటోమీటర్‌లో లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపితే, వచ్చే వెలుగును బట్టి డీఎన్‌ఏ ఎంతుందో తెలుస్తుంది. మామూలు కణంతో పోల్చిన సూచీ 1 వస్తే డిప్లాయిడ్, 1.4, 1.8 అలా తేడా వస్తే అన్యూప్లాయిడ్. కణ విభజన గాడి తప్పిందనడానికి అది గుర్తు, అందుకే హై గ్రేడ్ గడ్డల్లో, అంటే మైక్రోస్కోపులో కణాలు దూకుడుగా కనిపించే వాటిలో, ఎక్కువగా కనిపిస్తుంది. చిక్కల్లా, గ్రేడ్ ముందే చెప్పేసిన విషయాన్నే ఇది చాలాసార్లు మళ్లీ చెబుతుంది, పైగా సైనోవియల్ సార్కోమా లాంటివి చాలావరకు డిప్లాయిడ్‌గా ఉంటూనే ఊపిరితిత్తులకు పాకగలవు.

నన్నడిగితే ఆ ముక్క పట్టుకుని టెన్షన్ పడొద్దు. గ్రేడ్ 1, 2, 3లో ఏది, గడ్డ 5 సెంటీమీటర్లు దాటిందా, లోతుగా కండరంలో ఉందా, ఛాతీ సీటీలో ఏముంది, ఆపరేషన్ అయితే అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, ఇవి డాక్టరు గారిని అడుగు.