రాజీనామా ఇవ్వబోయే ముందు

నాన్నా,

ప్రభువు నామంలో నీకూ కోడలికీ వందనాలు. వచ్చే నెల నుంచే ఉద్యోగం మానేసి పూర్తికాల సువార్త సేవలోకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లోంచి ఒకడు సేవకు లేస్తున్నాడంటే నాకు ఎంత సంతోషమో! ఆ వెనకే గుండెదడ కూడా పట్టుకుంది. నీ పిలుపు మీద నాకు అనుమానం లేదు, నీ తొందర మీదే ఉంది.

రోజూ వాక్యం చదువు, మోకరించు, సంఘ కాపరితో మాట్లాడు. ఇవి నీకు తెలిసినవే. బైబిల్లో మొదటి సమూయేలు 13వ అధ్యాయం మాత్రం ఈ రాత్రే తీసి మెల్లగా చదువు.

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కనిపెట్టలేదని, అంటే ఓపికగా ఎదురుచూడలేదని, అందరం అనేస్తాం. కనిపెట్టాడు రా! తాను వచ్చి బలి అర్పించేదాకా ఆగమని ప్రవక్త సమూయేలు చెప్పిన 7 రోజులూ గిల్గాలులోనే ఉన్నాడు. మిక్మషులో శత్రువులైన ఫిలిష్తీయులు దిగారు. ఇశ్రాయేలీయులు గుహల్లో, పొదల్లో దాక్కుంటున్నారు. దగ్గరున్నవాళ్ళూ చెదిరిపోతున్నారు. గడువు అయింది, సమూయేలు రాలేదు. అప్పుడు దహనబలి తానే అర్పించేశాడు. అది ముగిసీ ముగియగానే సమూయేలు వచ్చాడు. సౌలు తెమ్మన్న రెండో రకం బలులు, సమాధానబలుల దాకా కూడా పోలేదు.

అతను చేసింది చూడ్డానికి భక్తి పనే. తొందర చెడ్డపనిగా వస్తే నీలాంటివాడు ఇట్టే గుర్తుపడతాడు. సేవగా వచ్చినప్పుడే మోసపోతాడు. సమూయేలుతో అతను చెప్పుకున్న కారణాలు కూడా చూడు: జనం చెదిరిపోతున్నారు, నువ్వు వేళకు రాలేదు, శత్రువులు కూడుకున్నారు. మూడూ నిజాలే! అయినా దేవుడు చెప్పిన మాట అలాగే ఉంది. చివరికి అతని దగ్గర 600 మంది మిగిలారు. తర్వాతి అధ్యాయంలో సౌలు కొడుకు యోనాతానూ అతని ఆయుధాలు మోసేవాడూ ఇద్దరే ఎక్కి వెళ్తే శత్రువుల దండంతా వణికిపోయింది. ఏ జనం పోతారని సౌలు ఆజ్ఞ మీరాడో, ఆ జనంతో దేవునికి పనే పడలేదు.

‘ఇప్పుడు వెళ్ళకపోతే ఆ ఊళ్ళో ఇంకో సంఘం వచ్చేస్తుంది’ అన్నావట. అది అచ్చంగా సౌలు మాట.

నోటుబుక్కులో పేజీ మధ్యకు గీత కొట్టు. వాక్యం స్పష్టంగా ఆజ్ఞాపించింది ఎడమవైపు రాయి, నువ్వు ఆశపడుతున్నది కుడివైపు. సేవ చేయడం ఎడమవైపు వస్తుంది. వచ్చే నెల, ఆ ఊరు, ఉద్యోగం మానడం, ఈ మూడూ కుడివైపే. ఎడమవైపుది ఈ వారమే మొదలుపెట్టు: సండే స్కూలు, ఆసుపత్రిలో రోగుల కోసం ప్రార్థన. అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుడుతూనే సువార్త ప్రకటించాడు. కుడివైపు వాటికి 6 నెలలు గడువు పెట్టి, నెలకోసారి తేదీ వేసి మళ్ళీ చూసుకో. కొత్త సంవత్సరం రాత్రి గుడిలో తీసిన వాగ్దాన కార్డు, అదే వాక్యం రాసి ఉన్న చీటీ, చూసి తేదీ పెట్టుకోకు. ఉపవాసం ముగిసిన రాత్రి కూడా ఏదీ తేల్చేయకు. ఒంట్లో సత్తువ లేనప్పుడు మనసులో మెదిలిన ప్రతిదీ దేవుని స్వరంలాగే వినిపిస్తుంది. తిని, నిద్రపోయి, 3 రోజులయ్యాక చూడు. నిన్ను పొగడని విశ్వాసులు ఇద్దరిని అడుగు. వాళ్ళ ప్రశ్నకు కోపం వస్తోందంటే ఇంకా ఆగాలన్నమాట.

డబ్బు సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. అప్పు చేసి మాత్రం సేవలో దిగకు నాన్నా. కిస్తీలు తప్పి, పిల్ల ఫీజు ఆగిపోతే, దేవుడే నన్ను తెచ్చి ఇక్కడ వదిలేశాడనిపిస్తుంది. ఆయన చెప్పని తేదీకి ఆయన్ని నిలదీస్తావు. నువ్వు పేదవాడివైతే నేను ఓర్చుకుంటాను. ఆయన మీద నమ్మకం పోగొట్టుకుంటే ఓర్చుకోలేను.

అలాగని భయంతో కూర్చోమనను. సంఖ్యాకాండము 14లో ఇశ్రాయేలు జనం దేవుడు తమకిస్తానన్న దేశంలోకి వెళ్ళమన్నప్పుడు వెళ్ళలేదు, వద్దన్నాక కొండెక్కి హోర్మా వరకు దెబ్బలు తిన్నారు. ఆలస్యం భరించలేకపోతే 13వ కీర్తన తీసి ఏడువు. ఎంతకాలమని దావీదూ దేవుణ్ణి అడిగాడు. రాజుగా అభిషేకం పొందాక కూడా అతను అడవులూ గుహలూ పట్టి తిరిగాడు, తనను చంపాలని తరుముతూ చేతికి చిక్కిన సౌలును రెండుసార్లు వదిలేశాడు. సింహాసనం ఎక్కేసరికి 30 ఏళ్ళు.

రాజీనామా పంపకు. ఈ ఆదివారం గుడి నుంచి వచ్చాక కోడలూ నువ్వూ కూర్చుని 6 నెలల ఇంటి ఖర్చు రాయండి. తన మనసులో నెమ్మది లేదని ఆ పిల్ల అంటే, అది సాతాను పెట్టిన అడ్డని తోసేయకు. ఎందుకు లేదో అడిగి, చివరిదాకా విను.

మీ పెద్దమ్మ