టెక్ సందేహాలు: పిట్టల ఫొటోలకు మాటు గుడారం కొనాలా?

"సార్, నా దగ్గర నికాన్ డీ7500 కెమెరా, 200-500 మి.మీ. లెన్స్ ఉన్నాయి. కైకలూరు వైపు మా ఊరి చెరువులో లకుముకులు, నీటికోళ్లు, ఉల్లంకులు బాగా వాలతాయి. నేను ముప్పై అడుగుల దూరానికి రాకముందే లేచిపోతున్నాయి. మడతపెట్టి మోసుకెళ్లే హైడ్ (లోపల దాక్కుని ఫొటోలు తీసే మాటు గుడారం) ఒకటి ఎనిమిది వేల లోపు కొందామనుకుంటున్నాను. ఆకుల బొమ్మలున్న గుడ్డ తీసుకోవాలా, మామూలు పచ్చది చాలా?"
– ఏలూరు జిల్లా నుంచి ఒక అధ్యాపకుడు

కొనే ముందు ఒక లెక్క చూసుకోండి. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. లెన్స్‌ను 500 దగ్గర ఉంచితే పది మీటర్ల దూరంలో మీ ఫ్రేములో పట్టేది 47 సెంటీమీటర్ల వెడల్పు. ఆరు మీటర్లకు వస్తే 28 సెంటీమీటర్లు. చిన్న లకుముకి ముక్కు నుంచి తోక దాకా సుమారు 17 సెంటీమీటర్లే ఉంటుంది. అది ఫ్రేములో సగానికి పైగా నిండాలంటే ఆరేడు మీటర్ల లోపల కూర్చోవాలి. తెల్లరొమ్ము లకుముకి కాస్త పెద్దది, దానికి పది మీటర్లు సరిపోతాయి. గూడబాతు సంగతి వేరే. అది యాభై మీటర్ల అవతల ఉన్నా మీ లెన్స్‌కు నిండుగా దొరుకుతుంది, దాని కోసం గుడారం అక్కర్లేదు. మీ అవసరమల్లా చిన్న పిట్టలతోనే. అన్నట్టు మీ లెన్స్ 2.2 మీటర్ల కంటే దగ్గరి వస్తువును ఫోకస్ చేయలేదు. మరీ ముక్కు దగ్గర పిట్ట వాలేందుకు కొమ్మ పాతి ప్రయోజనం లేదు.

ఇక గుడ్డ మీది బొమ్మలు. ప్రకటనల్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది వీటి గురించే. నా అనుభవంలో పిట్టలు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది కూడా వీటినే. పిట్ట మొదట పసిగట్టేది కదలికను, తర్వాత మనిషి తల, భుజాల ఆకారాన్ని, ఆపైన చప్పుడును. గేదెలు తిరిగే గట్టు మీద రోజూ ఒకే చోట కదలకుండా ఉండే గోధుమరంగు మూట దానికి నాలుగో రోజుకు రాయితో సమానం. అదే గుడ్డ గాలికి టపటప కొట్టుకుంటే ఎన్ని ఆకుల బొమ్మలున్నా దగ్గరికి రాదు. కాబట్టి మట్టి రంగో, ఎండుగడ్డి రంగో, మెరుపు లేనిది చూసుకోండి. కొనే ముందు గుడ్డను చేత్తో నలిపి వినండి. కాగితంలా గరగరమంటే వదిలేయండి. జిప్పుకు బదులు వెల్‌క్రో ఉన్న కిటికీ ఇంకా నష్టం, తెరిచినప్పుడల్లా బర్రుమని చిరిగినట్టు చప్పుడు చేస్తుంది.

లోపలి వైపు నల్లగా ఉందా అన్నది తప్పకుండా చూడాల్సిన విషయం. లోపల చీకటిగా ఉంటేనే మీరు కనబడరు. లోపల లేతరంగు గుడ్డ ఉండి, వెనక కిటికీ కూడా తెరిచి ఉంటే మీ తల నీడ ముందు కిటికీలో సినిమా తెర మీద బొమ్మలా కదులుతుంది. పిట్ట ఉన్న వైపు ఒక్క కిటికీ తెరిచి, మిగతావన్నీ మూసేయండి. లెన్స్ బయటికి వచ్చే చోట తాడుతో బిగించే గుడ్డ గొట్టం ఉంటే మేలు. మీ 200-500 జూమ్ చేసినప్పుడు బయటికి సాగుతుంది. గొట్టం బిగుతుగా కడితే జూమ్ తిప్పిన ప్రతిసారీ గుడారమంతా కదులుతుంది. రెండు వేళ్లు పట్టేంత వదులుగా ఉంచండి.

ఇంకొక్క మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. గుడారాన్ని గానీ, మీరు వేసుకునే చొక్కాను గానీ తెల్లదనం పెంచే రసాయనాలు కలిపిన డిటర్జెంట్‌తో ఉతకకండి. మన కంటికి కనబడని అతినీల కాంతిని అవి పీల్చుకుని నీలి మెరుపుగా బయటికి విడుస్తాయి. పిట్టల చూపు అటు వైపు మనకంటే చురుకు. మసక వెలుతురులో ఆ గుడ్డ మిగతా వాటి మధ్య వేరుగా తేలుతుంది. మంచినీళ్లతో ఝాడించి నీడలో ఆరేస్తే చాలు.

మీకు దొరికే రకాలు ముఖ్యంగా మూడు. తలమీదుగా కప్పుకునే సంచి రకం తేలికగా ఉంటుంది, భుజాన వేసుకుని పోవచ్చు. కానీ మీరు కదిలితే గుడ్డా కదులుతుంది, అరగంటకే ఉక్కపోస్తుంది. నడుస్తూ వెతికేవాళ్లకు పనికొస్తుంది గానీ మీకు కాదు. రెండోది కుర్చీతో కలిసి వచ్చేది. కూర్చుని ముందుకు లాక్కుంటే మూసుకుంటుంది. సుఖమే కానీ కుర్చీ ఎత్తు మారదు, కెమెరా ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉండిపోతుంది. కొమ్మ మీది లకుముకికి అది చాలు. బురదలో నడిచే ఉల్లంకికి మాత్రం చాలదు, దాన్ని పైనుంచి చూస్తూ తీసినట్టు వస్తుంది. మూడోది స్ప్రింగు ఉక్కు పట్టీతో దానంతట అదే విచ్చుకునే గుడారం. మీకు నేను చెప్పేది ఇదే. అయితే వీటిలో చాలావాటిని విదేశాల్లో జింకల వేటగాళ్ల కోసం తయారుచేస్తారు కాబట్టి కిటికీలు నడుం ఎత్తున ఉంటాయి. కిటికీ కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అమ్మేవారిని అడిగి తెలుసుకోండి. 40 సెంటీమీటర్ల దగ్గర ఒక కిటికీ ఉంటే తీసుకోండి, లేకపోతే దర్జీ చేత కోయించి పైన మూత కుట్టించండి. లోపల కనీసం 130 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. సాగిన లెన్స్, కెమెరా, వెనక మీ తల, కింద ముక్కాలి పీట, ఇవన్నీ పట్టాలి కదా.

కొన్న రోజే చెరువుకు తీసుకెళ్లకండి. ఇంటి డాబా మీద పదిసార్లు విప్పి మడవండి. విప్పడం క్షణం పని, మడవడమే చేతికి రావాలి. స్ప్రింగు పట్టీని ఎనిమిది అంకెలా మెలితిప్పితే ఒక చక్రంలోకి ముడుచుకుంటుంది. తెల్లవారుజామున చీకట్లో గట్టు మీద కుస్తీ పడితే ఆ పూటకు పిట్టలు రావు.

ఎనిమిది వేలూ పెట్టక్కర్లేదని కూడా చెప్పాలి. చెరువు గట్టు మీద నెలల తరబడి ఒకే చోట కూర్చుంటారు కాబట్టి సొంతంగా కట్టుకున్నదే మీకు మెరుగు. అర అంగుళం పీవీసీ గొట్టాలు, ఎల్బోలు, నర్సరీల వాళ్లు వాడే షేడ్ నెట్ తెచ్చుకోండి. నెట్ ఒక్కటే అయితే వెనక నుంచి ఎండ పడ్డప్పుడు లోపలంతా కనిపిస్తుంది, అందుకే లోపల నల్ల గుడ్డ పొర తప్పనిసరి. తెల్ల గొట్టాలు బయటికి కనబడకూడదు. పైన తుంగ, జమ్ము కప్పితే ఏ కంపెనీ బొమ్మలూ దాని ముందు నిలవవు. నా మొదటి మాటు ఇలాంటిదే. అందులో నుంచే మొదటిసారి లకుముకి చేపను కొమ్మకేసి కొట్టడం చూశాను. షట్టర్ నొక్కడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు చెందిన కీర్టన్ సోదరులు, రిచర్డ్, చెర్రీ, 1900 ప్రాంతంలో ఎద్దు తోలుతో గుల్ల బొమ్మ చేయించి అందులో దూరి పిట్టల ఫొటోలు తీశారు. పొలంలో ఎద్దు ఉంటే ఏ పిట్టా బెదరదని వాళ్లకు తెలుసు. మీ చెరువు దగ్గర పిట్టలు రోజూ ఏం చూస్తున్నాయో మీరూ అలాగే గమనించండి. చేపల చెరువుల మీద బాణసంచా కాల్చి పక్షులను తరిమే చోట అవి మనిషిని చాలా దూరం నుంచే తప్పించుకుంటాయి. అలాంటి చోట గుడారానికి అలవాటు పడటానికి వారం పదిరోజులు పడుతుంది.

పెట్టే పద్ధతి ఇది. మొదటి రోజు దూరంగా పెట్టి ఖాళీగా వదిలేయండి. రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం దగ్గరికి జరపండి. మేకులు కొట్టి తాళ్లు బిగించండి, గుడ్డ ఊగకూడదు. పొద్దున ఎండ మీ వీపు మీద పడేలా చూసుకోండి. గాలి కూడా వెనక నుంచే వస్తే ఇంకా మంచిది. పిట్ట గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి మీ వైపు ముఖం పెట్టి దిగుతుంది. తెల్లవారకముందే లోపలికి వెళ్లండి. ఆలస్యమైతే ఒక తోడును వెంటబెట్టుకుని ఇద్దరూ గుడారం దాకా నడవండి, మీరు లోపల ఉండిపోండి, తోడు మాట్లాడుకుంటూ వెనక్కి వెళ్లిపోవాలి. వచ్చిన మనిషి వెళ్లిపోయాడనుకుని చాలా పిట్టలు తిరిగి వస్తాయి. కాకి దగ్గర మాత్రం ఈ కిటుకును నమ్ముకోకండి.

లోపలికి అడుగుపెట్టే ముందు టార్చి వేసి మూలలన్నీ చూడండి. రాత్రంతా నేల మీద ఉన్న గుడ్డ కింద పాము, తేలు చేరడం మామూలే. చెరువు పాట పాడుకున్నవారికి, పంచాయతీకి ముందే చెప్పండి. తెల్లవారుజామున గట్టు మీద గుడారం కనబడితే చేపలు పట్టుకుపోయేవాళ్లు అనుకుంటారు. మీ చెరువు కొల్లేరు అభయారణ్యం హద్దుల్లోకి వస్తుందేమో కనుక్కోండి. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి కావాలి, గుడారం వేసే సంగతి ఆ అనుమతి అడిగేటప్పుడే రాయండి.

"మాటులో కూర్చున్నా షట్టర్ చప్పుడుకు పిట్ట ఉలిక్కిపడుతోంది. సైలెంట్ షట్టర్ పెడితే ఎగిరే పిట్ట రెక్కలు వంకరగా వస్తున్నాయి. కెమెరా పాడైందా?"
– వరంగల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

పాడవలేదమ్మా. సైలెంట్ షట్టర్ అంటే ఎలక్ట్రానిక్ షట్టరే. అందులో సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చదవదు, పై వరుస నుంచి కింది వరుస దాకా వరసగా చదువుతుంది. అది ముగిసేలోపు రెక్క చోటు మారిపోతుంది. అందుకే ఆ వంకర. షట్టర్ వేగం 1/4000 పెట్టినా ఇది పోదు, ఎందుకంటే చదివే సమయం వేరు. నికాన్ జెడ్8, జెడ్9 లాంటివి చాలా వేగంగా చదువుతాయి, వాటిలో తెరలా కదిలే మెకానికల్ షట్టరే లేదు. సోనీ ఏ9 త్రీ సెన్సర్ అంతటినీ ఒకేసారి చదువుతుంది. వాటి కోసం అప్పు చేయకండి. కూర్చున్న పిట్టకు సైలెంట్, ఎగిరే పిట్టకు మెకానికల్ అని రెండు కస్టమ్ సెట్టింగులు పెట్టుకుని ఒక బటన్‌తో మార్చుకోండి. పిట్ట వాలగానే క్లిక్‌మనిపించకండి. అది ఒళ్లు దులుపుకుని, ఈకలు సర్దుకుని కుదుటపడ్డాక ఒక్క ఫొటో తీసి ఆగండి. రెండు మూడుసార్లు విన్నాక ఆ చప్పుడు దానికి అలవాటవుతుంది. ఫోకస్ బీప్, ముందుకు వెలిగే ఫోకస్ లైటు, ఫొటో తీశాక స్క్రీన్ వెలగడం, ఈ మూడూ ఆపేయండి. చీకటి గుడారంలో స్క్రీన్ వెలుగు మీ ముఖం మీద పడితే బయటికి దీపం పెట్టినట్టే.

"కారునే హైడ్‌లా వాడుతున్నాను. 150-600 లెన్స్‌తో ఇంటి దగ్గర ఫొటోలు పదునుగా వస్తాయి, కారులో నుంచి తీస్తే మెత్తగా ఉంటున్నాయి."
– హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు

లెన్స్ సర్వీసుకు ఇవ్వకండి, ముందు ఏసీ ఆపండి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కిటికీ దగ్గర కలిసే చోట వెలుతురు వంకర్లు పోతుంది. ఎండాకాలం తారు రోడ్డు మీద కనిపించే అలల్లాంటిదే, అదే మీ లెన్స్ ముందు జరుగుతోంది. అన్ని అద్దాలూ దించి పావుగంట ఆగితే తేడా మీకే తెలుస్తుంది. ఇంజిన్ కూడా ఆపాలి. కిటికీ అంచు మీద గుడ్డ సంచి వేసి దాని మీద లెన్స్ ఆనించండి. సంచిలో బియ్యం నింపుకోవచ్చు కానీ తడిస్తే ఉబ్బి పురుగు పడుతుంది. ఊక తేలిక, ప్రయాణాలకు అదే నయం. పొద్దెక్కాక దూరపు పిట్టల మీద ఏ చిట్కా పనిచేయదు, నేలే వేడి కక్కుతుంటుంది.

"మా తోట గట్టులో పసిరికపిట్టలు బొరియ చేసుకుని పిల్లలు పెట్టాయి. బొరియకు ఎదురుగా హైడ్ ఎంత దూరంలో పెట్టాలి?"
– అనంతపురం జిల్లా నుంచి ఒక రైతు

అన్నా, అక్కడ పెట్టకండి. ఏ దూరంలోనూ వద్దు. ఎదురుగా కొత్తది కనబడితే తల్లిదండ్రులు మేత పట్టుకుని తీగ మీదే కూర్చుండిపోతాయి, లోపల పిల్లలు ఆకలితో ఉంటాయి. మనం తొక్కిన దారి వెంటే పిల్లి, ముంగిస వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం గూళ్లను, గుడ్లను చెదరగొట్టడాన్ని కూడా వేటగానే లెక్కేస్తుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా అటు వైపు వెళ్లకండి, మీ తోట మీద నమ్మకంతో అవి గూడు కట్టుకున్నాయి.

ఫొటోలు కావాలంటే పిట్టలే మీ దగ్గరికి వచ్చే దారి ఉంది. ఇంటి కిటికీకి నాలుగైదు మీటర్ల దూరంలో చెట్టు నీడన వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి రెండంగుళాల లోతు నీళ్లు పోయండి, పక్కన ఒక ఎండుకొమ్మ పాతండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి వేలాడదీసి లెన్స్ పట్టేంత సందు ఉంచుకుంటే అదే మాటు. మీ ఎండల్లో వారం తిరక్కుండానే పిగిలిపిట్టలు, గోరింకలు, పావురాలు వస్తాయి. పిల్లి పొంచడానికి వీలులేకుండా మూకుడు చుట్టూ రెండు గజాలు పొదల్లేకుండా చూడండి, నీళ్లు రోజూ మార్చండి.