డంబుల్‌డోర్ పోయాక ఫాక్స్ హ్యారీ దగ్గర ఎందుకు ఉండిపోలేదు?

హ్యారీ పాటర్ నవలల్లో, రెండో పుస్తకంలో హ్యారీని చావు నుంచి తప్పించిన ఫీనిక్స్ పక్షి ఫాక్స్, ఆరో పుస్తకం చివర తనను పెంచిన హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ చనిపోగానే అతన్ని అంత కష్టంలో వదిలేసి ఎలా వెళ్లిపోయిందని అడిగారు. 2005లో హాస్టల్లో ఆ పుస్తకం ముగించిన రాత్రి నాకూ ఇదే సందేహం. ఏడుస్తూ పాడి, తెల్లారేసరికి మాయమైన పక్షి మీద కోపమే వచ్చింది.

జవాబు రెండో పుస్తకంలోనే ఉంది. నేలమాళిగలో, వోల్డెమార్ట్ అనే దుష్ట మాంత్రికుడి కుర్రతనపు రూపమైన రిడిల్ ఎదుట హ్యారీ తన గొప్ప చెప్పుకోడు. లోకంలో అందరికన్నా గొప్ప మాంత్రికుడు డంబుల్‌డోరేనని అంటాడు. ఫాక్స్ వచ్చింది ఆ మాటకు. పాత టోపీ తెచ్చి పడేసింది, బాసిలిస్క్ అనే రాకాసి పాము కళ్లు పొడిచింది, విషమెక్కిన హ్యారీ చేతి మీద గాయాలు మాన్పే తన కన్నీళ్లు కార్చింది. తన పట్ల నిజమైన విధేయత చూపాడు కాబట్టే అది వచ్చిందని తర్వాత డంబుల్‌డోరే హ్యారీకి చెబుతాడు. అంటే అప్పుడు కూడా అది ఆయన మనిషే. పక్షి అనాలేమో!

మా తాతయ్య రోజూ భోజనానికి ముందు పిట్టగోడ మీద పప్పన్నం ముద్ద పెట్టేవారు. ముక్కు కొస కొంచెం విరిగిన కాకి ఒకటి వచ్చేది. ఆయన అక్కడే నిలబడి ఉన్నా బెదరకుండా తినేది. ఆయన పోయాక అమ్మమ్మ అదే వేళకు, అదే చోట ముద్ద పెట్టింది. కాకులు చాలానే వచ్చాయి, అది మాత్రం రాలేదు. దిగులుతో మానేసిందని నేను చెప్పను. పక్కవీధిలో చేపల దుకాణం తెరిచారు మరి. కానీ అమ్మమ్మ మాత్రం, "అది ఆయన కోసం వచ్చేది, ముద్ద కోసమా?" అని ఊరుకుంది. తాతయ్య చెప్పులు నాకు వచ్చాయి, గడియారం మామయ్యకు వెళ్లింది. కాకిని ఎవరికి పంచుతాం?

హ్యారీకి ఫాక్స్ ఏమీ మిగల్చలేదనీ అనలేం. అతని మంత్రదండంలో ఉన్నది దాని ఈకే. అది ఇచ్చినవి రెండే ఈకలు, రెండోది వోల్డెమార్ట్ దండంలో చేరింది. ఏడో పుస్తకంలో హ్యారీ దండం విరిగిపోతుంది. చివరికి అన్నిటికన్నా శక్తిమంతమైన దండం చేతికొచ్చినప్పుడు, దాన్ని దాచుకోకుండా, దానితో ఆ పాత ఈక దండాన్నే అతికించుకుంటాడు.