ఐదో నెలలోనే పాపకు అన్నం ముట్టించవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు నాలుగు నెలల 20 రోజులు. నెలలు నిండాకే పుట్టింది, పుట్టినప్పుడు 2.8 కిలోలు. 14 వారాల టీకాకు వెళ్లినప్పుడు 5.4 కిలోలు ఉంది, మొన్న అంగన్‌వాడీలో తూస్తే 6.1 వచ్చింది. ఇప్పటిదాకా నా పాలు తప్ప ఏమీ పట్టలేదు. పదిహేను రోజులుగా రాత్రి రెండు మూడుసార్లు లేస్తోంది. పిడికిలి నములుతోంది, మేం తింటుంటే కంచం వైపే చూస్తోంది. నా పాలు చాలట్లేదని, ఆడపిల్లకు ఐదో నెలలోనే అన్నప్రాసన చేయాలని అత్తమ్మ అంటున్నారు. ఇప్పుడే ఉగ్గు మొదలుపెట్టవచ్చా?
– ఓ తల్లి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, ఆగండి. పాలు సరిపోతున్నాయని మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. 14 వారాల టీకా నుంచి ఇప్పటికి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో పాప 700 గ్రాములు పెరిగింది, అంటే రోజుకు 16–17 గ్రాములు. మొదటి మూడు నెలలు రోజుకు 25–30 గ్రాముల చొప్పున పెరిగే పిల్లలు ఆ తర్వాత నెమ్మదిస్తారు. ఈ వయసులో 15–20 గ్రాములు మామూలే. పుట్టిన బరువుకు రెట్టింపు ఎప్పుడో దాటింది కూడా. రోజంతా కలిపి ఆరుసార్లు, అంతకు మించి మూత్రం పోస్తుంటే పాల గురించి బెంగే అక్కర్లేదు.

రాత్రి లేవడం ఆకలికి గుర్తు కాదా అంటే, నాలుగైదు నెలల్లో నిద్ర తీరే మారుతుంది. పైగా ఈ వయసు పిల్లలు పగలు ఏ చిన్న చప్పుడైనా అటు తిరిగిపోయి పాలు సగంలో వదిలేస్తారు, ఆ బాకీ రాత్రి వసూలు చేస్తారు. పగలు టీవీ లేని గదిలో, కాస్త వెలుతురు తక్కువగా ఉన్న చోట పట్టి చూడండి. పిడికిలి నమలడం, చొంగ కారడం ఈ వయసు పనులు. కంచం వైపు చూడటమంటారా, మీ సెల్‌ఫోన్ వైపు కూడా అంతే ఆశగా చూస్తుంది.

చూడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకున్నప్పుడు మెడ వాలకుండా నిలబడాలి. నడుముకు ఆసరా ఇస్తే పక్కకు ఒరిగిపోకుండా కాసేపు కూర్చోవాలి. వస్తువును చూసి, అందుకుని, నేరుగా నోటికి తెచ్చుకోవాలి. నాలుగోది అందరూ మర్చిపోయేది: నాలుక. పసిపిల్లల నోట్లో ఏది పెట్టినా నాలుక బయటికి తోసేస్తుంది. గొంతులోకి గట్టి పదార్థం జారకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మెల్లగా తగ్గుతుంది. మరగబెట్టి చల్లార్చిన ఖాళీ స్పూన్‌ను కింది పెదవికి ఆనించి చూడండి. నాలుక ముందుకొచ్చి నెట్టేస్తుంటే ఇంకా సమయం రాలేదని అర్థం. స్పూన్‌ను చూసి నోరు తెరిచి, పెదవులు మూసి చప్పరిస్తే ఆ పని నేర్చిందన్నమాట. వీటిలో ఒకటి కనిపించగానే మొదలుపెట్టొద్దు. అన్నీ కలిసి రావాలి, ఆరు నెలలూ నిండాలి. చాలామంది పిల్లల్లో ఈ రెండూ దాదాపు ఒకేసారి జరుగుతాయి.

నెలల లెక్కలో ఇళ్లల్లో ఒక పొరపాటు జరుగుతుంది. ‘ఆరో నెల పడింది’ అంటే నిండినవి ఐదే. పుట్టిన తేదీ నుంచి 180 రోజులు లెక్కపెట్టుకోండి. అన్నప్రాసన గురించి అత్తమ్మతో గొడవ పడాల్సిన పని లేదు. ఆడపిల్లకు బేసి నెల కావాలన్నదే పట్టింపు అయితే, ఆరు నిండాక వచ్చే ఏడో నెలా బేసి నెలే. భద్రకాళి గుడిలో చేయించినా, ఇంట్లో చేసినా ఒకటే మాట: పాయసంలో తేనె పడొద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించడం వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పది మంది చేతుల నుంచి పది చెంచాలు కాకుండా, ఒక్కరు నాలుకకు రాస్తే చాలు.

ఆరు నెలలు నిండాక మాత్రం వాయిదా వేయకండి. తొందరపడితే విరేచనాలు పట్టుకుంటాయి, పాలు తాగడం తగ్గుతుంది. ఆలస్యమైతే వచ్చే నష్టం కంటికి కనిపించదు. పుట్టేటప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ ఆరు నెలలకల్లా తరిగిపోతుంది, తల్లిపాలలో ఐరన్ తక్కువ. అందుకే ఎనిమిది తొమ్మిది నెలలకు పిల్లలు పాలిపోతారు. ఇంకో చిక్కు: ప్రభుత్వ టీకాల పట్టికలో 14 వారాల తర్వాత మళ్లీ తొమ్మిది నెలలకే పిలుపు. సరిగ్గా తిండి మొదలయ్యే కాలంలోనే టీకా పేరుతో బిడ్డను తూచే వీలు ఉండదు. నెలనెలా అంగన్‌వాడీలో తూయించి, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు)లోని గ్రాఫ్‌లో చుక్క పెట్టించండి.

మొదటి రోజు పొద్దున పది గంటల ప్రాంతంలో, పాలు పట్టిన కాసేపటికి, ఒకటి రెండు టీస్పూన్లు చాలు. దద్దుర్లు, వాంతులు లాంటివి వస్తే పగలే కనిపిస్తాయి. కొత్త పదార్థం ఒక్కొక్కటే, రెండు మూడు రోజులు చూసి ఇంకోటి.

ఉగ్గుకు మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, విడివిడిగా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, సన్నని రవ్వలా పట్టుకోండి. మూడు టీస్పూన్ల రవ్వను ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, టీగ్లాసెడు నీళ్లతో సన్నని మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. అర టీస్పూన్ నెయ్యి వేయండి. స్పూన్ వంచితే నీళ్లలా కారకూడదు, ముద్దగా మెల్లగా జారాలి. మరీ గట్టిగా అనిపిస్తే మీ పాలే పిండి కలపండి.

చిక్కదనం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది కిలో బరువుకు 30 మి.లీ. చొప్పున, అంటే మీ పాపకు 200 మి.లీ. లోపే. అందులో పప్పు మీది కట్టు పోస్తే పొట్ట నీళ్లతో నిండుతుంది, బలం పప్పుతోపాటు గిన్నె అడుగునే ఉండిపోతుంది. పప్పు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం నాకెప్పుడూ అంతుపట్టదు. తైదలు (రాగులు) మొలకెత్తించి, ఎండబెట్టి, రంగు మారకుండా లేతగా వేయించి పట్టిన పిండి ఉంటే ఒక ఉపాయం: దింపిన ఉగ్గు కాస్త చల్లారాక అర టీస్పూన్ కలిపితే నీళ్లు పోయకుండానే పలచబడుతుంది. మొలకల్లోని ఎంజైము పిండి పదార్థాన్ని విడగొడుతుంది. తర్వాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించండి.

రెండో వారం నుంచే మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, గుమ్మడి, క్యారెట్, అరటిపండు, తోటకూర వేసిన పప్పు మొదలుపెట్టవచ్చు. గుడ్డు బాగా ఉడికించి తెల్లసొనతో సహా పెట్టండి. గుడ్డు, పల్లీలు ఆలస్యం చేస్తే అలర్జీ రాదన్నది పాత మాట. పల్లీలు మాత్రం మెత్తటి పొడిగా ఉగ్గులో కలిపే పెట్టాలి. మాంసం తినే ఇల్లయితే ఉడికించి మెదిపిన కోడి కార్జం వారానికోసారి కొంచెం పెట్టండి, ఐరన్‌కు దాన్ని మించింది దొరకడం కష్టం. ఎనిమిది నెలలకల్లా పూటకు అర కప్పు, అంటే 125 మి.లీ. చొప్పున రెండు మూడు పూటలు తినాలి. పాలు మానిపించొద్దు, రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వవచ్చు. మిక్సీ మీదే ఆధారపడకండి. ఎనిమిదో నెలకు వేళ్లతో మెదిపిన పలుకు తగలకపోతే తర్వాత నమలడం నేర్పడం కష్టం.

ఉప్పు, చక్కెర, బెల్లం, గేదెపాలు ఏడాది దాకా వద్దు. పాలసీసాలో జావ పోసి తాగించొద్దు. ఆరు నెలల్లోపు ఎంత ఎండలున్నా నీళ్లు అక్కర్లేదు, పాలలోనే ఉన్నాయి. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు, తీసుకోండి. అందులో చక్కెర ముందే ఉంది కాబట్టి మళ్లీ కలపకండి, అదొక్కటే తిండిగా పెట్టకండి. ఆరు నెలలు నిండాక ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున వేయండి.

మొదట్లో ఓకరించడం, దగ్గడం, మొహం ఎర్రబడటం మామూలే. చప్పుడు ఆగిపోయి పెదవులు నీలంగా మారితే గొంతుకు అడ్డం పడినట్టు. వెంటనే బోర్లా, తల కిందికి ఉండేలా ముంజేతి మీద పడుకోబెట్టి భుజాల మధ్య ఐదు దెబ్బలు వేయండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కండి. అడ్డం పోయేదాకా ఇలా మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఐదు నెలలు నిండినా మెడ నిలపకపోయినా, నెల రోజుల్లో బరువు అసలు పెరగకపోయినా, ఏడు నెలలు దాటినా స్పూన్ చూస్తే నోరు బిగించి ఏదీ మింగకపోయినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల ఓపీలో గానీ, మీ పిల్లల డాక్టరుకు గానీ చూపించండి. నెలలు తక్కువై పుట్టిన పిల్లలకు ఈ వయసు లెక్కలు వర్తించవు. వాళ్ల తల్లులు పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం తీసుకెళ్లి డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి.