కోనకు వెళ్లేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పిల్లలతో భైరవకోనకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలని ఉంది. ఆగస్టులో వెళ్లొచ్చిన బంధువులు అక్కడి జలపాతం ధార సన్నగా ఉందన్నారు. నీళ్లు బాగా పడే రోజులేవి?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: ఆగస్టులో అంతే ఉంటుంది. నైరుతి వానలు మన వైపుకొచ్చేసరికి బలహీనపడతాయి. నెల్లూరు, దక్షిణ ప్రకాశం కొండలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య వానలు, వాయుగుండాలే దిక్కు. తెలంగాణ జలపాతాలను చూసి జులైలో బయల్దేరితే నిరాశే. పైగా మన కొండల మీద రాయి ఎక్కువ, మట్టి తక్కువ. పడ్డ వాన ఇంకకుండా జారిపోతుంది కనుక ధార ఎంత త్వరగా ఉబ్బుతుందో అంత త్వరగా చిక్కిపోతుంది. గట్టి వాన వెలిశాక ఒక రోజు ఆగి, వారం లోపు వెళ్లండి. తేదీ ముందే ఖాయం చేసుకోకుండా రెండు మూడు ఆదివారాలు ఖాళీగా పెట్టుకోవడం మేలు. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం వద్దు, ఆ రోజు జనం భక్తి కోసం వస్తారు. చిన్నపిల్లలతో నిలబడే చోటు కూడా దొరకదు.

పామూరు, సీఎస్ పురం మీదుగా వెళ్లండి. పెట్రోలు పామూరులోనే పోయించుకోండి, కొంత నగదు ఉంచుకోండి. కొండ దగ్గర సిగ్నల్ పోతే ఫోన్ చెల్లింపులు జరగవు. ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు కూడా చూడాలి కదా, తెల్లవారుజామునే కదలండి. మధ్యాహ్నం 3 దాటకుండా తిరుగుముఖం పట్టాలి.

ప్రశ్న: పెంచలకోనలో ఎండ కాస్తున్నా వాగులోకి దిగొద్దని ఊరివాళ్లు వారిస్తారు. అతిజాగ్రత్త కాదా?
– ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: కాదు. మీ నెత్తిన ఎండ ఉన్నా వెలిగొండల పైన వాన పడుతూ ఉండొచ్చు. ఆ నీళ్లు ఇరుకు లోయలోకి ఒక్కసారిగా దిగుతాయి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సంచుల కోసం చూడకుండా గట్టెక్కండి, అదీ మీరు తిరిగి వెళ్లాల్సిన గట్టు వైపే. అవతలి గట్టున చిక్కుకుంటే వరద తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి, దాటబోవద్దు. మోకాలి లోతు నీరైనా ఉరవడి ఉంటే మనిషిని పడేస్తుంది.

ధార పడే గుండంలోకి దూకడం అన్నిటికన్నా ప్రమాదం. నురగలో అడుగు కనబడదు, కింద బండలుంటాయి, పైనుంచి పడే నీళ్లు మనిషిని లోపలికి తొక్కేస్తాయి. ఈత వచ్చినవాళ్లూ దీనికి మినహాయింపు కాదు. పాచి పట్టిన బండపై హవాయి చెప్పులు జారతాయి; వెనక పట్టీ, గరుకు అడుగు ఉన్న శాండల్స్ వేసుకోండి.

ప్రశ్న: తిండీ నీళ్లూ ఎంత తీసుకెళ్లాలి?
– కావలి నుంచి

జవాబు: మనిషికి 3 లీటర్ల నీళ్లు. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పెరుగన్నం అయితే పాలు ఎక్కువగా పోసి తోడు తక్కువ వేయండి, లేకుంటే పులిసిపోతుంది. పాలిథిన్ సంచి చేతిలో కనిపిస్తే కోతులు లాక్కుంటాయి, జిప్పున్న బ్యాగులో పెట్టండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు; ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకెళ్లి, సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేయండి.