కుందేటి కొమ్ము అంటే అరుదైనదా, అసలు లేనిదా?

కుందేటి కొమ్ము, తెల్ల కాకి అనే మాటలు రెండూ అరుదైనవాటికే వాడతారా, అవి ఎలా పుట్టాయని మీరు అడిగారు. నా దృష్టిలో ఆ రెంటినీ కలపకూడదు. తెల్ల కాకి ఎక్కడో ఒకచోట ఉంటుంది. కుందేటి కొమ్ము లేనే లేదు.

మనలో చాలామందికి ఈ మాట బడిలో చదువుకున్న పద్యంతోనే పరిచయం. భర్తృహరి సంస్కృత శ్లోకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేస్తూ "తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు" అన్నాడు. ఇక్కడ "తిరిగి" అంటే "మళ్లీ" అనుకునేవాళ్లు ఎక్కువ. మూలంలో ఉన్నది "పర్యటన్", అంటే ఊరూరా తిరుగుతూ. కాళ్లరిగేలా తిరిగితే కుందేటి కొమ్మైనా దొరకొచ్చు గానీ మూర్ఖుడి మనసును మాత్రం మెప్పించలేం అని భావం. ఈ సంగతి తెలిశాక ఆ పద్యం మీద నాకు ఇష్టం రెట్టింపైంది.

కొంతకాలం తర్కం చదువుకున్నాను. అక్కడ శశశృంగం (కుందేటి కొమ్ముకు సంస్కృతం) మాట తరచూ వచ్చేది. కుందేలు ఉంది, కొమ్మూ ఉంది, లేనిదల్లా ఆ రెండింటి కలయికే. అందుకే "కుందేటి కొమ్ము లేదు" అంటే కుందేలు తల మీద కొమ్ము లేదని అర్థం చెప్పుకోవాలంటారు నైయాయికులు, అంటే న్యాయ దర్శనం అనే తర్కశాస్త్రం వాళ్లు. తాబేటి వెంట్రుకలు, గొడ్రాలి కొడుకు కూడా ఈ కోవలోవే. గాడిద గుడ్డూ లేనిదే, కాకపోతే దాన్ని విసుగొచ్చినప్పుడు ఎదుటివాళ్ల మాట కొట్టిపారేయడానికే ఎక్కువగా వాడతాం.

తమాషా ఏంటంటే, అమెరికాలో కొన్ని అడవి కుందేళ్లకు తల మీద కొమ్ముల్లాంటి గట్టి కణుతులు వస్తాయి. వాటికి కారణం ఒక వైరస్ అని 1933లో రిచర్డ్ షోప్ తేల్చారు. అవి కొమ్ములు కావు కాబట్టి మన సామెతకు వచ్చిన ఢోకా ఏమీ లేదు.

తెల్ల కాకిని నేనొకసారి దగ్గర నుంచి చూశాను. ఈకలు పూర్తి తెలుపు కాదు, మాసిన పాల రంగు. ముక్కు, కాళ్లు లేత గులాబీ. అరుపు మాత్రం అచ్చం కాకిదే. పుట్టుకతోనే రంగు పదార్థం లోపించడం వల్ల అలా అవుతుంది.

ఇలాంటి మాటల్లో నల్ల హంస కథ నాకు మరీ ఇష్టం. దాదాపు 1,900 ఏళ్ల కిందటి రోమన్ కవి జువెనాల్ అన్ని సుగుణాలూ ఉన్న భార్యను నల్ల హంసలా దొరకనిదని అన్నాడు. యూరప్‌లో ఆ మాట "అసంభవం" అనే అర్థంలో స్థిరపడింది. 1697లో డచ్ నావికుడు విల్లెం డి వ్లామింగ్ బృందం పశ్చిమ ఆస్ట్రేలియాలో నిజంగానే నల్ల హంసల్ని చూసింది. ఇప్పుడు ఆ పేరు ఎవరూ ఊహించని పెద్ద పరిణామాలకు వాడుతున్నారు.

"నిజాయితీపరుడైన నాయకుడు కుందేటి కొమ్ము" అని రాయొచ్చా అన్నారు. అలా రాస్తే ఒక్కడూ లేడని అర్థం. ఒకరిద్దరైనా ఉన్నారని మీరు నమ్మితే తెల్ల కాకి అనండి. ఉన్న మనిషే ఈమధ్య బొత్తిగా కనిపించడం మానేస్తే మాత్రం జంతువుల దాకా పోనక్కర్లేదు, "నల్లపూస అయిపోయాడు" అంటే చాలు.